గొట్టం సంగతి ఇంట్లో ఒక్కరికే తెలిస్తే

ప్రశ్న: రాజాం దగ్గరి ఒక పల్లె నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఎనిమిది పేజీలు. ఊరూ పేరూ తెలిసే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

బాబుకి నాలుగేళ్ళు, బరువు 11 కిలోలు. పుట్టగానే ఏడవలేదు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి, అన్నారు. మెడ నిలవదు, కూర్చోలేడు. ఫిట్స్‌కి రెండు మందులు నడుస్తున్నాయి. నోట్లో ఊరే కఫం తీయడానికి ఇంట్లో చిన్న సక్షన్ మిషన్ ఉంది. మింగుడు సరిగా పడక ఒకే ఏడాదిలో మూడుసార్లు నిమ్ము చేస్తే, ఎనిమిది నెలల క్రితం విశాఖలో పొట్టకి ట్యూబు వేశారు. తర్వాత తేరుకున్నాడు. పోయిన నెల మళ్ళీ నిమ్ము, ఆరు రోజులు ఆసుపత్రిలో. ఇంటికొచ్చాక తెలిసింది: తల్లి స్నానానికి వెళ్ళినప్పుడల్లా అత్తగారు బాబు నోట్లో చోడి (రాగి) అంబలి పెడుతున్నారు. నిలదీస్తే ఆవిడ ఏడ్చారు: "నోరుండగా కడుపుకి గొట్టమేటే? రుసీ పసీ తెలకుండా గుంటడు ఎలాగ పెరుగుతాడే? నీకూ నీ బావకీ నేనే కదే తినిపించినాను!" ఈ అత్తగారు పరాయి మనిషి కాదు, సొంత మేనత్త.

భర్తకి హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, జీతం 34 వేలు. నెలకోసారి వస్తాడు. ఈమె టీచరు ఉద్యోగం మానేసి నాలుగేళ్ళయింది. కూతురికి తొమ్మిదేళ్ళు. ఈమధ్య ఇంట్లో మాట తగ్గించేసింది, కడుపునొప్పంటూ బడి మధ్యలో వచ్చేస్తోంది. చుట్టాలేమో ఇంకో పిల్లాడిని కనమంటున్నారు.

ఆమె మాటల్లోనే: "రోజుకి ఐదుసార్లు 200 మి.లీ. జావ సిరంజితో పది నిమిషాల్లో తోసేస్తాను. రాత్రి పదింటిది పడుకునే ఉండగా ఇచ్చేస్తాను, లేపితే మళ్ళీ నిద్రపోడు. ఒక రాత్రి అలారం వినబడక పదింటి ఫిట్స్ మందు రెండింటికి ఇచ్చాను. విశాఖలో ఆసుపత్రికి దగ్గరగా 9,500కి ఇల్లు చూశాను. పిల్లలిద్దర్నీ తీసుకుని వెళ్ళిపోతే వాడు దక్కుతాడనిపిస్తోంది. మేనత్తని ఇంక నమ్మలేను. బావని అడిగితే 'నీ ఇష్టం' అంటున్నాడు. వెళ్ళమంటారా?"

సమాధానం: అమ్మా, వెళ్ళాలా వద్దా అన్నది చివర్లో చూద్దాం. ముందు నిమ్ము ఎందుకు వచ్చిందో తేలాలి. కారణం తేలకుండా ఇల్లు మారితే, ఆ కారణం కూడా మీ సామానుతోపాటే విశాఖ వస్తుంది.

మేనత్త చేసింది ప్రమాదకరమైన పనే, అందులో సందేహం లేదు. మనకి మెతుకు దారి తప్పితే పొలమారుతుంది, దగ్గి బయటికి తెచ్చుకుంటాం. మీ బాబులాంటి పిల్లల్లో చాలామందికి ఆ దగ్గే రాదు. అంబలి నిశ్శబ్దంగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, పిల్లాడు చప్పరిస్తూనే ఉంటాడు, చూసేవాళ్ళకి 'ఎంత చక్కగా తింటున్నాడో' అనిపిస్తుంది. మేనత్త మీ మాట నమ్మకపోవడానికి అసలు కారణం ఇదే. ఆవిడ కళ్ళకి కనిపించింది ఒకటి, మీరు చెప్పింది ఇంకొకటి. కళ్ళు చెమ్మగిల్లడం, గొంతు తడితడిగా గురగురమనడం, తిన్న గంటలోపు ఊపిరి జోరు పెరగడం, సాయంత్రానికి వెచ్చబడటం, ఈ గుర్తులు ఆవిడకి ఎవరూ చూపించి ఉండరు.

అయితే నేరమంతా ఆవిడ మీద పెట్టడానికి మీ ఉత్తరమే ఒప్పుకోవడం లేదు. 200 మి.లీ. పది నిమిషాల్లో తోయడం, పడుకోబెట్టి ఇవ్వడం, ఈ రెండూ కూడా నిమ్ముకి దారులే. పొట్టలోకి ఒక్కసారిగా వచ్చిపడిన జావ పైకి ఎగదన్నుతుంది. వెల్లకిలా ఉన్న పిల్లాడిలో అది గొంతు దాకా వచ్చి అక్కణ్ణుంచి ఊపిరిలోకి పోతుంది. ట్యూబు వేశాక కూడా నిమ్ములు రావడానికి ఇదొక పెద్ద కారణం. సొంత ఉమ్మి జారడం మరొకటి. పోయిన నెల నిమ్ము దేనివల్ల వచ్చిందో ఎవరూ కచ్చితంగా తేల్చలేరు. మీ మీద ఇంకో బరువు వేద్దామని ఇది చెప్పడం లేదు. ఒంటరిగా, నిద్రలేని మనిషి పది నిమిషాల్లో తోసేయకుండా ఎలా ఉంటుంది? కానీ ఈ సంగతి ఒప్పుకుంటే మేనత్తతో మాట్లాడే తీరే మారిపోతుంది. 'నువ్వు చేశావు' బదులు 'మనిద్దరం మార్చుకోవాలి' అనవచ్చు.

మార్చుకోవలసినవి ఇవి. సిరంజి పిస్టన్ తీసేయండి. 50 మి.లీ. సిరంజి గొట్టాన్ని ట్యూబుకి పెట్టి, దాని అడుగు పొట్టకి జానెడు ఎత్తులో ఉండేలా పట్టుకుని పోయండి, జావ దాని బరువుతో అదే దిగాలి. 200 మి.లీ.కి 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. తొందరగా దిగితే చెయ్యి కిందికి దించండి, అసలు దిగకపోతే కాస్త పైకెత్తండి. అప్పటికీ కదలకపోతే జావ చిక్కగానో గడ్డలుగానో ఉందన్నమాట, పలచటి బట్టలో వడకట్టండి. ముందు 10 మి.లీ. నీళ్ళు, తర్వాత 20 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్ళు. తల, వీపు కలిసి వాలు కుర్చీలా 30 నుంచి 45 డిగ్రీలు లేచి ఉండాలి. తల ఒక్కదాన్నే దిండుతో ఎత్తితే పొట్ట మడత పడి ఇంకా ఎగదన్నుతుంది. అయిపోయాక కూడా ముప్పావు గంట అలాగే ఉంచాలి. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెడితే కొంత వాలు వస్తుంది గాని బాబు కిందికి జారిపోతాడు. మోకాళ్ళ కింద చుట్టిన దుప్పటి పెట్టండి. రాత్రి పదింటి జావని ఎనిమిదికి జరపడానికి వీలవుతుందేమో డాక్టరుని అడగండి. నిద్ర లేపడం, పడుకోబెట్టి పోయడం, రెండూ తప్పుతాయి.

జావ గురించి ఇంకో మాట. చోడిపిండి మంచిదే. కాని 10 గ్రాముల పిండితో 100 మి.లీ. జావ కాస్తే అందులో కేలరీలు 35 లోపే. అలాంటిది రోజుకి లీటరు పోసినా 350 దాటదు, నాలుగేళ్ళ బిడ్డకి అది చాలదు. ట్యూబు వేసిన ఎనిమిది నెలల్లో బరువు ఎంత పెరిగిందో మీరు రాయలేదు. పెరగకపోతే అనుమానించవలసింది ముందు దీన్నే. పాలు, వేయించి పొడి చేసిన పెసరపప్పు, మెత్తగా ఉడికిన అరటిపండు, నూనె, ఏది ఎంత వేయాలో డైటీషియన్ చేత గ్రాముల్లో రాయించుకోండి. నూనె ఒక చెంచా, అంటే 5 మి.లీ., నలభై పైన కేలరీలు ఇస్తుంది, గొట్టానికి అడ్డుపడదు. కాచిన జావ ఎండాకాలంలో గది వేడిలో రెండు గంటలు దాటితే వాడకండి. పొద్దున్న ఒకేసారి కాచి సాయంత్రం దాకా పోయడం మీలాగే చాలామంది చేస్తారు, విరేచనాలు పట్టుకునేది అక్కడే. మందులు జావలో కలపవద్దు. ఒక్కో మందూ విడిగా, మధ్యలో 5 మి.లీ. నీళ్ళతో. మాత్రని మెత్తగా నూరి గోరువెచ్చని నీళ్ళలో కలపాలి. నెమ్మదిగా కరిగేలా తయారైన మాత్రలు మాత్రం నూరకూడదు, ఏవి నూరవచ్చో మందుల షాపులో కాకుండా డాక్టరునే అడగండి.

ఇప్పుడు మేనత్త. మీ ముందు మూడు దారులు ఉన్నాయి. ఒకటి, బాబుని ఆవిడకి ఇంక అస్సలు వదలకపోవడం. ఈ పూటకి బిడ్డ క్షేమం. కాని మీరు స్నానానికి వెళ్ళడం కూడా గండమవుతుంది, పగ పెరుగుతుంది, ఆవిడ చాటుగా పెట్టడం మానుతుందన్న నమ్మకమూ లేదు. రెండు, డాక్టరు చేత చెప్పించడం. ఈసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆవిడని తీసుకెళ్ళండి. మింగుడు పరీక్షకి ఎక్స్‌రే వీడియో తీసే సౌకర్యం అక్కడ ఉంటే, అంబలి ఎటు పోతోందో ఆవిడ తెర మీద తన కళ్ళతో చూస్తుంది. అది లేకపోయినా ఛాతీ ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి. కోడలు చెబితే వాదన అవుతుంది, డాక్టరు చూపిస్తే సంగతి అవుతుంది. మూడు, ఆవిడ చేతికి ఒక పని ఇవ్వడం. రెండోదీ మూడోదీ కలిపి చేయమని నా సలహా.

ఎందుకంటే మేనత్త ఏడ్చింది అంబలి కోసం కాదు. ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషికి మనవడి దగ్గర చేయడానికి పని లేకుండా పోయింది. నాలుక్కి రుచి చూపించడం అన్నది ఆవిడ కోరిక. అది పూర్తిగా కాని కోరిక కూడా కాదు. మింగుడు చూసే స్పీచ్ థెరపిస్టు పరీక్షించి ఒప్పుకుంటే, పెదవికీ నాలుక కొసకీ ఇంత తడి రుచి అద్దడం కొందరు పిల్లల్లో చేయిస్తారు. ఒప్పుకోకపోతే అదీ వద్దు. పోలిపల్లి పైడితల్లికో ఇంకే అమ్మవారికో మొక్కుకుని ప్రసాదం పెడతానంటే నుదుటికి అద్దించండి, నోటికి వద్దు. ట్యూబుతో తినే పిల్లలకి నోరు ఎండి పాచి కట్టి, ఆ పాచి ఉమ్మితో కలిసి ఊపిరిలోకి పోయి కూడా నిమ్ము చేస్తుంది. కనక రోజుకి రెండుసార్లు తడి బ్రష్షుతో, మెత్తటి బట్టతో పళ్ళూ చిగుళ్ళూ తుడవడం నిజంగా ముఖ్యమైన పని. బిడ్డ నోటికి సంబంధించిన ఆ పని మేనత్తది చేయండి. బట్ట పిండి వాడాలి, బాబు ఒక పక్కకి తిరిగి ఉండాలి, అంతే.

అన్నిటికన్నా మించి నన్ను భయపెట్టింది మీ ఉత్తరంలో లేని సంగతి. ట్యూబు ఊడితే ఏం చేయాలో మీకు తప్ప ఇంట్లో ఇంకెవరికి తెలుసు? ఫిట్స్ మందు ఎంతో ఎవరికి తెలుసు? మీకు మూడు రోజులు జ్వరం వస్తే? ఎనిమిది పేజీల్లో ఆ పేరు ఎక్కడా లేదు. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రిలో ఒక్కరికే నేర్పి పంపితే ఇలాగే జరుగుతుంది. ఆ ఒక్కరే గొట్టమూ, గడియారమూ, కాపలా అన్నీ అవుతారు, మిగిలినవాళ్ళు వాకిట్లో నిలబడిపోతారు. మేనత్త చాటుగా పెట్టడం, బావ 'నీ ఇష్టం' అనడం, రెండూ ఆ వాకిట్లో నిలబడ్డవాళ్ళు చేసే పనులే.

కనక ఒక కాగితం రాసి గోడకి అంటించండి. బాబు బరువు, తేదీతో. ప్రతి మందూ మి.గ్రా.లోనూ మి.లీ.లోనూ. ఒకే సిరప్ కంపెనీ మారితే చిక్కదనం మారుతుంది, మి.లీ. ఒక్కటే రాసుకుంటే డోసు సగమో రెట్టింపో అయిపోతుంది. ట్యూబు సైజు, వేసిన తేదీ. దాని రకం మీరు రాయలేదు. బయటి కొసన జావ మూతి కాక పక్కన ఇంకో చిన్న మూతి ఉంటే అది బెలూన్ రకం. లోపలి బెలూన్‌లో ఎన్ని మి.లీ. నీళ్ళు ఉండాలో మూతి మీదే రాసి ఉంటుంది. వారానికోసారి చిన్న సిరంజితో ఆ నీళ్ళు తీసి కొలిచి మళ్ళీ నింపాలి, నేర్పించుకున్నాకే. తగ్గుతూ ఉంటే బెలూన్ కారుతున్నట్టు, ఇవాళో రేపో ట్యూబు ఊడుతుంది. ఈ రకం మామూలుగా మూడు నుంచి ఆరు నెలలకి మార్చాలి. ఆ రెండో మూతి లేకపోతే లోపల బిళ్ళ ఉన్న రకం, అంత తేలికగా ఊడదు, ఇంట్లో లాగకూడదు.

ఊడితే, పొట్టకి ట్యూబు కోసం చేసిన దారి గంటల్లో ముడుచుకుంటుంది, రాత్రి ఊడిందని తెల్లారేదాకా ఆగితే మళ్ళీ ఆపరేషన్ దాకా వెళ్ళవచ్చు. మీ బాబు దారి ఎనిమిది నెలల పాతది, పూర్తిగా మానినదే అయి ఉంటుంది. అందుకని అదే సైజు లేదా ఒక సైజు చిన్న ఫోలీ కాథెటర్ (మామూలుగా మూత్రానికి వేసే గొట్టం) ఒకటి ఇంట్లో ఉంచుకుని, దారి మూసుకుపోకుండా దాన్ని ఎలా నిలబెట్టాలో ఈసారి సర్జన్ దగ్గర మీరూ ఇంకొకరూ నేర్చుకోండి. పెట్టాక జావగాని మందుగాని పోయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. సరైన చోట ఉందని వాళ్ళు తేల్చాకే పోయడం. నేర్చుకోనివాళ్ళయితే శుభ్రమైన గాజ్ బట్ట (గాయాలకి కట్టే పలచటి బట్ట) కప్పి వెంటనే బయల్దేరడమే.

ఫిట్స్ వస్తే పక్కకి తిప్పాలి, గడియారం చూడాలి. నోట్లో చెంచా, నీళ్ళు, చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఏవీ వద్దు. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే. ఇది మీ ఇంట్లో ఉందో లేదో తెలియదు, లేకపోతే రాయించుకోండి. డోసు బరువుని బట్టి. స్ప్రేకి 0.5 మి.గ్రా. వచ్చే సీసాలూ 1.25 వచ్చేవీ రెండూ అమ్ముతారు. కనక 'ఎన్ని స్ప్రేలు' అన్నది ఏ సీసాకో కూడా కాగితం మీద ఉండాలి. స్ప్రేకీ ఆగకపోతే, ఊపిరి తేడాగా ఉంటే 108. అప్పుడు వెళ్ళవలసింది విశాఖకి కాదు, ఆక్సిజన్, ఇంజెక్షన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి, అంటే ముందు రాజాం. ఈ ఒక్క సంగతి మీ ఇల్లు మారే లెక్కని కొంత మారుస్తుంది. రెండింటికి ఇచ్చిన మందు గురించి: ఆలస్యమైనా ఇవ్వడమే మంచిదైంది. తర్వాతి డోసు వేళ దగ్గరపడ్డాక గుర్తొస్తే మాత్రం రెండూ కలిపి ఇవ్వకూడదు. మీ డాక్టరు చేత 'ఎన్ని గంటల దాకా' అన్నది రాయించుకుంటే నిద్రమత్తులో లెక్కలు వేసుకునే పని తప్పుతుంది.

ఆ అలారం వినబడకపోవడం అజాగ్రత్త కాదు, ఒళ్ళు ఇచ్చిన నోటీసు. మీకు రోజుకి ఒక్కసారైనా ఐదు గంటల తెగని నిద్ర కావాలి, ముక్కలు ముక్కలుగా ఏడు గంటలు దానికి సాటి రావు. మామగారు తెల్లవారుజామునే లేచే మనిషని రాశారు. నాలుగింటి నుంచి కాపలా ఆయనది, మీరు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. ఆయన పోయవలసిందేమీ లేదు. పిల్లాడి ఊపిరి చూడటం, పక్కకి తిప్పడం, ఫిట్స్ వస్తే లేపడం. సక్షన్ మాత్రం నేర్పాకే: మిషన్ మీటరు 80 నుంచి 100 mmHg దగ్గర, ఒక్కసారికి పది సెకన్లకి మించకుండా, బుగ్గ లోపలి దాకానే. లోపలికి పొడిస్తే వాంతి అవుతుంది.

ఇక ఇల్లు మారడం. విశాఖకి వెళ్తే ఆసుపత్రి దగ్గరవుతుంది, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ వారానికి రెండుమూడుసార్లు దొరుకుతాయి. ఇది చిన్న లాభం కాదు. కాని జీతం 34 వేలల్లో అద్దె 9,500, హైదరాబాద్‌లో మీవారి గది ఖర్చు వేరు, మందులు వేరు. పాపకి కొత్త బడి. రాత్రిళ్ళు మీరొక్కరే. మీకు జ్వరం వస్తే పాపని లేపాలి. ఇప్పుడు ఇంట్లో ఒక్కరికే తెలుసు, అక్కడ ఇంట్లో ఉండేదే ఒక్కరు. కరెంటు సంగతి ఆలోచించి వెళ్దామనుకున్నా, 2018లో తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు వైపుని చీకట్లో ముంచినట్టే 2014లో హుద్‌హుద్ విశాఖ నగరాన్నీ ముంచింది. ఎక్కడున్నా అక్టోబరు వచ్చేసరికి కాలితో తొక్కే సక్షన్ పంపు ఒకటి, పది రోజుల మందులు అదనంగా, తాగునీరు దగ్గర ఉండాలి.

ఊళ్ళోనే ఉండిపోతే చేతులు ఉంటాయి, అద్దె ఉండదు. థెరపీ పల్చబడుతుంది. పైన చెప్పినవి కుదరకపోతే అంబలి గొడవ మళ్ళీ మొదలవుతుంది.

మధ్యలో ఇంకో దారి ఉంది, మీరు రాయలేదు. విజయనగరం. అద్దె విశాఖంత ఉండదు, ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో వచ్చింది. పుట్టుకతో వచ్చే ఇబ్బందులున్న పిల్లల కోసం జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్సా కేంద్రంలో థెరపీ ఉచితం. మేనత్త పొద్దున్న బస్సెక్కి సాయంత్రానికి తిరిగి వెళ్ళగలదు, విశాఖకి నెలకోసారి రైల్లో వెళ్ళి రావచ్చు. నన్నడిగితే ఇప్పుడే ఎక్కడికీ వద్దంటాను. మూడు నెలలు ఊళ్ళోనే ఉండి, ఇంకో ఇద్దరికి అన్నీ వచ్చేలా చేసి, నిమ్ము, బరువు, మీ నిద్ర ఒక నోటు పుస్తకంలో రాసి చూడండి. అప్పటికీ నిమ్ములు వస్తూ ఉంటే, చాటు తిండి ఆగకపోతే విజయనగరం. ఒక్క మినహాయింపు: ఈ మూడు నెలల్లో మళ్ళీ నోట్లో పెట్టారని తెలిస్తే మూడు నెలలు ఆగవద్దు. ఆ తప్పుకి రెండో అవకాశం ఇచ్చే స్థితిలో బాబు ఊపిరితిత్తులు లేవు.

ఏ దారికైనా కాగితాలు కావాలి. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ గురించి మీరు రాయలేదు. లేకపోతే సచివాలయంలో స్లాటు తీసుకోండి. 40 శాతం, ఆ పైన ఉంటే ఎన్టీఆర్ భరోసా దివ్యాంగ పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000. పూర్తిగా మంచానికే పరిమితమైనవారి కోవకి 15,000 ఉంది, ఆ కోవలో వస్తాడా రాడా అన్నది వైద్యులు తేల్చవలసింది, ఊళ్ళో ఎవరో ఇప్పిస్తామంటే నమ్మకండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా సెరిబ్రల్ పాల్సీ పిల్లలకి ఏడాదికి లక్ష దాకా వర్తిస్తుంది, ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే థెరపీకి కూడా. బిల్లులు దాచి పంపితే తిరిగి ఇస్తారు. రాజాం 2022 ఏప్రిల్ నుంచి విజయనగరం జిల్లాలో ఉంది గాని చాలామంది ఆధార్‌లో ఇంకా శ్రీకాకుళం అనే ఉంటుంది. ఒక కాగితంలో ఒక జిల్లా, ఇంకో కాగితంలో ఇంకో జిల్లా ఉంటే తిప్పుతారు. ముందు అది సరిచేయించుకోండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో బాబు పేరు రాయించండి, అక్కడికి ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు కనుక్కోండి.

ఈ కాగితాల పనంతా మీవారిది. హైదరాబాద్‌లో ఉండి చేయగలిగిన పని ఇదే. మందులు పది రోజులకి సరిపడా మిగిలి ఉండగానే తెప్పించడం, బిల్లులు పంపడం, అపాయింట్‌మెంట్లు. నెలకోసారి వచ్చినప్పుడు ఒక రాత్రి మొత్తం, జావతో సహా, ఆయనొక్కరే చూసుకోవాలి. మీరు పక్క గదిలో ఉండి లేవకూడదు. మొదటిసారి ఒలకబోస్తారు, తిట్టకండి. తల్లితో అంబలి సంగతి మాట్లాడవలసింది కూడా ఆయనే. 'నీ ఇష్టం' అన్న మాటని 'నాకు తెలియదు' అని చదువుకోండి, కోపం కొంచెం తగ్గుతుంది. ఆయనకి తెలిసేలా చేయడం మాత్రం తప్పదు.

ఇంకో పిల్లాడి సంగతి చుట్టాలది కాదు. మీకే ఎప్పుడైనా కావాలనిపిస్తే, దానికి ముందు ఒక పని ఉంది. మీది మేనరికం. పుట్టగానే ఏడవకపోవడం ఒక్కటే కారణమని తేల్చేయకుండా, బాబు ఎమ్మారై జెనెటిక్స్ డాక్టరుకి చూపించి, రక్త పరీక్ష అవసరమా అడగండి. సెరిబ్రల్ పాల్సీలా కనిపించే జబ్బుల్లో కొన్ని వంశంలో దిగేవి ఉంటాయి. వాటిలో కొన్నిటికి, తల్లిదండ్రులిద్దరూ ఆ లోపాన్ని మోసేవాళ్ళయితే, ప్రతి కానుపుకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. పరీక్ష అయ్యాక ఎవరికైనా జవాబు చెప్పవచ్చు, చెప్పకపోనూ వచ్చు.

పాప కడుపునొప్పి. డాక్టరుకి ఒకసారి చూపించండి, నులిపురుగులో ఇంకేదో అయితే తేలిపోతుంది. ఏమీ లేదంటే, బడిలో ఉన్నంతసేపూ తమ్ముడికి ఇంట్లో ఏమవుతోందోనన్న బెంగ కావచ్చు. పోయిన నెల వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు తను బడిలో ఉందని మీరే రాశారు. అలాంటి రోజు మళ్ళీ వస్తే ఎవరొచ్చి చెబుతారు, తను ఎవరింట్లో పడుకుంటుంది, ఈ రెండూ ముందే చెప్పి ఉంచండి. తమ్ముడికి వచ్చింది తన వల్ల కాదనీ, అంటుకునేది కాదనీ ఒకసారి మాటల్లో అనండి. తొమ్మిదేళ్ళ పిల్ల ఎంత విచిత్రంగా తన మీద వేసుకుంటుందో చెప్పలేం. సక్షన్, ట్యూబు పనులు తనకి అప్పగించవద్దు, అడిగినా సరే. మేనత్త బాబు నోరు తుడిచే ఆ పావుగంట, పొద్దునా సాయంత్రమూ, పాపది. ఆ పావుగంట జడ వేయండి, లెక్కలు చూడండి, ఊరికే కూర్చోండి. బాబు గదిలోంచి పిలుపొస్తే మేనత్త చూసుకుంటుంది. మొదటి వారం మీరు రెండుసార్లు లేచి వెళ్ళిపోతారు. రెండో వారం లేవకండి.

మరొకటి: రాత్రి ఒంటరిగా ఆలోచనలు మరీ చీకటిగా మారితే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఆ నంబరు కూడా గోడ మీది కాగితంలో, 108 కింద రాయండి.